ఆదివారం అంగడిలో నా చెయ్యి

బాన్సువాడలో నాకు నచ్చనివి చాలానే ఉన్నాయి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం మా వీధి బురద, పెళ్ళిళ్ళ రోజుల్లో చెవులు పగలగొట్టే డీజేలు, మన గేటు ముందే బండి పెట్టి మాయమైపోయే పెద్దమనుషులు. వీటి మీద ఎవరో ఒకరితో గొడవ పడని వారం ఉండదు. "నోరుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నిన్ను కుక్కలెత్తుకుపోయేవి" అనేవారు మా ఆయన. అయినా ఈ ఊరు వదిలి ఎక్కడికీ రానని నేను మొండికేయడానికి ఒక కారణం, మా కాలనీ పక్కన ఆదివారం కూర్చునే అంగడి. ఆ అంగడి వల్ల, అందులో ఒక అవ్వ వల్ల నాకు జరిగిన మంచి చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో దాన్ని సంత అనేవాళ్ళం. మా తాతలు కాలువ నీళ్ళని నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి, కోటగిరి వైపు పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. అలా వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. నేను పుట్టి పెరిగింది అలాంటి క్యాంపులోనే. అందుకని నాకు ఇంట్లో గోంగూర, ఆనపకాయ, తోటకూర. గడప దాటితే పుంటికూర, సోరకాయ, కొయ్యగూర. అంగడికి వెళ్ళేటప్పుడు ఒక భాష, వచ్చాక ఒక భాష మాట్లాడతానని, రెండు నాలుకల మనిషినని మా ఆయన వెక్కిరించేవారు. ఆయనా క్యాంపు మనిషే గానీ, ఊళ్ళో ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు పెట్టాక పూర్తిగా ఇక్కడి మాటలోకి దిగిపోయారు.

ఊళ్ళో వారానికోసారి జరిగే పెద్ద అంగడి వేరే ఉంది. ఇది చిన్నది. మా కాలనీ చివర ప్లాట్లు అమ్ముడుపోయి, కొన్నవాళ్ళు ఇళ్ళు కట్టక, తుమ్మచెట్లు మొలిచిన జాగా ఒకటి ఉంది. ఆదివారం తెల్లారేసరికి అక్కడికి నస్రుల్లాబాద్ వైపు నుంచి, రుద్రూర్ వైపు నుంచి షేర్ ఆటోలు వచ్చి ఆగుతాయి. మనుషుల కంటే ముందు మూటలు దిగుతాయి. ఒక వరసలో ఆకుకూరలు, వంకాయలు, పచ్చిమిరపకాయలు, తడి మట్టి వదలని ముల్లంగి. ఇంకో వరసలో చేత్తో చేసిన సరుకు. మేదరివాళ్ళ చాటలు, తట్టలు, గంపలు, కుమ్మరివాళ్ళ కూజాలు, ఈతాకు చీపుర్లు. మహారాష్ట్ర సరిహద్దు వైపు నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పాత చీరలతో కుట్టిన బొంతలు తెస్తారు. వాళ్ళ దగ్గర మా ఆయన తనకొచ్చిన నాలుగు మరాఠీ ముక్కలతో బేరం మొదలుపెట్టేవారు. వాళ్ళు నవ్వీ నవ్వీ చివరికి వాళ్ళ రేటుకే అమ్మేవాళ్ళు. ఇంటికొచ్చాక "చూశావా, ఎలా పడగొట్టానో" అనేవారు. ఆ బొంతలు ఇప్పటికీ మా ఇంట్లో మంచానికి రెండు చొప్పున ఉన్నాయి.

మా పెళ్ళయి ఈ కాలనీకి వచ్చినప్పటి నుంచీ ఆదివారం పొద్దున మా కార్యక్రమం ఇదే. నేను ముందు, ఆయన రెండు సంచులతో వెనక. కూరగాయల వరస సగానికి రాకముందే ఆయన మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగిపోయేవారు. నేను అవ్వ దగ్గరికి వెళ్ళేదాన్ని.

అవ్వది నస్రుల్లాబాద్ అవతల ఒక పల్లె. కాలువ గట్టు పక్కన కొద్దిపాటి చెలక, అందులో పుంటికూర, పాలకూర, కొయ్యగూర, మెంతికూర. గోనెసంచి పరిచి, దాని మీద కట్టలు పేర్చి, తలమీది కొంగు సర్దుకుని కూర్చుంటే ఆ చోటు ఆమెదే. ఇంకెవరూ అక్కడ సంచి పరచరు. ఆమె మంచితనం గురించి నేనిక్కడ గొప్పలేమీ చెప్పబోవడం లేదు. కట్ట మధ్యలో ముదురు కాడలు దాచి పైన లేత ఆకు పెట్టడంలో ఆమెకు సాటి లేరు. నేను కట్ట విప్పి చూపిస్తే, "మస్తు సూసినవ్ తియ్యి. లేతయి లేతయి నువ్వే ఏరుకుంటే ముదుర్లు నేను తినాల్నా?" అనేది. "ముదుర్లకు పైసలెట్ల తీసుకుంటవ్ అవ్వా?" అని నేను. అలా ఒకరి మీద ఒకరం అరుచుకుని, చివరికి ఆమె కొసరుగా ఇంకో పిడికెడు మెంతికూర నా సంచిలో కుక్కితే, ఆ వారానికి మా స్నేహం సరిపోయేది.

ఇక్కడ బోణీ గురించి చెప్పాలి. పొద్దున మొదటి బేరం చేసే మనిషి చెయ్యి మంచిదైతే ఆ రోజంతా గిరాకీ ఉంటుందని అంగడిలో గట్టి నమ్మకం. బోణీ కానిదే ఒకరికి ధర తగ్గించరు, అప్పివ్వరు. బోణీ చేసే మనిషి సరుకు ముట్టుకుని, ధర అడిగి, కొనకుండా పోయిందా, ఇక ఆ రోజు ఆమెకు తిట్లే. మొదటి నోటు చేతిలో పడగానే కళ్ళకద్దుకుని, కాంటాకు తాకించి, కూరల మీద ఒకసారి తిప్పి, అప్పుడు సంచిలో వేసుకుంటారు.

నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక ఆదివారం అవ్వకు మొదటి బేరం నాదే అయింది. పైవారం నేను కనబడగానే, "బిడ్డా, నీ చెయ్యి నాకు అచ్చొచ్చింది. మొన్న ఒక్క కట్ట మిగల్లే" అంది. అప్పటి నుంచి ఆమె నేను వచ్చేదాకా ఎవరికీ ఇచ్చేది కాదు. ఆమెను చూసి పక్కన ఉల్లిగడ్డలు పోసే అన్న, ఎదురుగా చాటలు పెట్టే ముసలాయన, "అక్కా, జర గీడ గూడ చెయ్యి పెట్టిపో" అనడం మొదలుపెట్టారు. అవసరం ఉన్నా లేకపోయినా ఒక ఉల్లిగడ్డో, ఒక చిన్న తట్టో కొనేదాన్ని. ఇంట్లో తట్టలు పేరుకుపోయాయి. "ఎమ్మెల్యే గారు రిబ్బన్ కత్తిరించడానికి బయల్దేరారు" అనేవారు మా ఆయన, సంచులు భుజాన వేసుకుంటూ. పైకి విసుక్కునేదాన్ని గానీ, లోపల నాకది ఎంత గర్వమో చెప్పలేను. కోస్తా వాళ్ళమని, మాట తేడా అని చిన్నప్పుడు బడిలో ఏడిపించిన ఈ ప్రాంతమే, ఇప్పుడు నా చెయ్యి మంచిదని పిలుస్తోంది. మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత తర్వాత అంగడిలోకి స్కానర్ అట్టలు వచ్చాయి. ఉల్లిగడ్డల అన్న దగ్గర పైసలు పడ్డాయని అరిచే డబ్బా కూడా వచ్చింది. అవ్వ కూడా మనవడి పేరు మీద ఒక అట్ట తెచ్చుకుంది, కానీ బోణీకి మాత్రం దాన్ని ఒప్పుకునేది కాదు. "ఫోన్లకెల్లి వచ్చే పైసలకు చెయ్యేడిది? నోటియ్యి" అనేది. అందుకని శనివారం సాయంత్రమే నేను ఒక పది రూపాయల నోటు పర్సులో వేరుగా పెట్టుకునేదాన్ని.

ఒక శనివారం మా ఆయన షాపు మూసి ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగారు. నేను గ్లాసు తెచ్చేలోపే పోయారు. అంతే. దానికి ముందూ వెనకా ఏమీ లేదు. దవాఖానకు తీసుకెళ్ళాం గానీ, అది మా తృప్తి కోసమే.

ఆ తర్వాత నెలల గురించి నాకు వరసగా గుర్తు లేదు. ఇల్లంతా బంధువులు, తర్వాత ఇల్లంతా ఖాళీ. పిల్లలు హైదరాబాద్ రమ్మన్నారు, నేను వెళ్ళలేదు. మిగతా రోజులు ఎలాగో గడిచేవి. ఆదివారం పొద్దున ఆటోల చప్పుడు వినబడగానే దుప్పటి తల మీదికి లాక్కునేదాన్ని. తలుపు దగ్గరికి వచ్చే తోపుడుబండి మీద ఏవో వాడిపోయిన కూరలు కొనుక్కుని, సగం వండి, సగం పారేసేదాన్ని.

సంవత్సరీకాలు అయ్యాక క్యాంపు నుంచి మా పిన్ని వచ్చి నాలుగు రోజులు ఉంది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇక బయట తిరగవే, ఎన్నాళ్ళిలా కూర్చుంటావు?" అంది. ఇంకాస్త మెల్లగా, "సంతకి మాత్రం పొద్దున్నే వెళ్ళకు. వాళ్ళు బోణీ అవీ చూసుకుంటారు. మనల్ని ఒకరు ఒక మాట అనేలా చేసుకోకూడదు" అంది. ఆవిడ నా మేలు కోరే చెప్పింది. నేనే తల ఊపి, లోపల మండిపడ్డాను. నా అంగడికి నన్ను పొద్దున్నే వెళ్ళొద్దనడానికి ఈవిడెవరు అనుకున్నాను.

ఆ కోపంతోనే వచ్చిన ఆదివారం తెల్లవారగానే సంచి పట్టుకుని బయల్దేరాను. అంగడి ఎప్పటిలాగే ఉంది. ఆటోల పొగ, తడి కూరల వాసన, బజ్జీల నూనె. బజ్జీల బండి దగ్గర ఆగి వెనక్కి చూడబోయి, తమాయించుకుని నడిచాను. అవ్వ ఇంకా రాలేదు. ఎదురుగా చాటల దగ్గర ముసలాయన బదులు వాళ్ళ కోడలు కూర్చుని ఉంది, కొత్తగా పెళ్ళయిన పిల్ల. నాకు నిజంగానే చాట కావాలి. ఒకటి తీసుకుని వెదురు బద్దలు చూస్తూ ధర అడిగాను.

అంగడిలో ఆడవాళ్ళ చూపు ముందు మెడ మీదికి, తర్వాత కాలివేళ్ళ మీదికి వెళ్తుంది. ఆ పిల్ల చూపూ అలాగే వెళ్ళింది. నా చేతిలోని చాట మెత్తగా తీసుకుని పక్కన పెట్టింది. "అక్కా, ఏమనుకోకు. ఇంక బోణి కాలే. గా వచ్చే అక్కకు ఇచ్చినంక నీకిస్త. జర ఆగు" అంది.

గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే నేను పక్కకు జరిగాను. గేటు ముందు బండి పెట్టినవాడితో గంటసేపు పోట్లాడే మనిషిని, ఆ రోజు చెప్పినట్టు విన్నాను. ఆ వచ్చే అక్క వచ్చి కొనుక్కునేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత ఆ పిల్ల పిలిచి ఇచ్చిన చాట తీసుకుని, కూరలు కొనకుండానే ఇంటికొచ్చేశాను. ఆ రోజు మా ఆయన పోయిన రోజు కంటే ఎక్కువ ఏడ్చాను. ఆయన పోయినప్పుడు ఆయన కోసం ఏడ్చాను. ఆ రోజు నా కోసం ఏడ్చాను.

అంగడి మానేద్దామనుకున్నాను గానీ మానలేకపోయాను. అక్కడికి వెళ్ళొచ్చిన ఆ కాసేపు, అంత అవమానంలోనూ, నా ఒళ్ళు మళ్ళీ నాదే అనిపించింది. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. మధ్యాహ్నం వెళ్తే సరిపోతుంది. అప్పటికి అందరి బోణీలూ అయిపోతాయి. నా వల్ల ఎవరికీ ఫికర్ ఉండదు. నన్నూ ఎవరూ ఆగమనరు. ఎండ నడినెత్తికి వచ్చాక గొడుగు వేసుకుని బయల్దేరడం అలవాటు చేసుకున్నాను.

మొదటిసారి అలా వెళ్ళినప్పుడు అవ్వ తన చోట కూర్చునే ఉంది. నన్ను చూసి ఏడవలేదు, ఓదార్చలేదు. "గిప్పుడొస్తున్నవా? దా" అంది. అంతే. కట్టలు తీసి ఇచ్చింది. మధ్యలో ముదురు కాడలు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటిని చూసి నేను ఎంత సంతోషించానో అవ్వకు తెలియదు. నా మీద జాలిపడి లేత కట్టలిస్తే అక్కడే కూలబడిపోయేదాన్నేమో. ధర కట్టి, గొడవ పెట్టుకుని, పిడికెడు మెంతికూర కొసరు తీసుకుని ఇంటికొచ్చాను.

కానీ ఒక సంగతి నన్ను బాధపెట్టింది. ఆ వేళకి చుట్టుపక్కల అందరి సరుకూ అడుగంటింది. ఉల్లిగడ్డల కుప్ప పలచబడింది, వంకాయల్లో పుచ్చులే మిగిలాయి. అవ్వ ముందు మాత్రం కట్టలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పై ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. పెద్దదైపోయింది పాపం, గిరాకీ తగ్గిపోయింది, ఈ కాలం పిల్లలు బేరమాడే అవ్వ దగ్గరికి ఎందుకు వస్తారు అనుకున్నాను. దాంతో అవసరానికి మించి కొనడం మొదలుపెట్టాను. ఫ్రిజ్ నిండా పుంటికూర. పచ్చడి, పప్పు, పులుసు, మళ్ళీ పచ్చడి. ఎదురింటి వాళ్ళకి, పక్కింటి వాళ్ళకి, కింద అద్దెకుండే టీచరమ్మకి పంచాను. చివరికి ఆ టీచరమ్మ, "ఆంటీ, మాకు గీ వారం వద్దు, పిల్లలు అలిగిండ్రు" అని గుమ్మంలోనే చెప్పేసింది. ఒక ముసలావిడకి సాయం చేస్తున్నానని నా మట్టుకు నాకు తృప్తిగా ఉండేది. చాలా రోజుల తర్వాత నేను ఒకరికి పనికొస్తున్నానని అనిపించేది.

ఇలా ఎండలు పోయి వానలు వచ్చి, వరి కోతలు కూడా వచ్చాయి. ఆ రోజుల్లో ఒక ఆదివారం క్యాంపులో మా పిన్ని మనవరాలికి అన్నప్రాసన. తెల్లారే వెళ్ళి, భోజనాలయ్యాక తిరుగు ఆటో ఎక్కాను. దారంతా రోడ్డుకు ఒక పక్క వడ్లు ఆరబోశారు. ఉన్న సగం రోడ్డు మీద ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఆటో ఆగిపోవడం, అది పోయాక కదలడం. మా కాలనీ మలుపు దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆ వారానికి అంగడి లేదులే అనుకుంటూ ఖాళీ ప్లాట్ల మీదుగా అడ్డదారిన నడిచాను.

అంగడి ఎత్తేస్తున్నారు. చాటలు కట్టలు కట్టేశారు. కుండల బండి వెళ్ళిపోయింది. అవ్వ మాత్రం తన చోటే కూర్చుని ఉంది. ఆమె ముందు తడి గోనెపట్టా కప్పిన కుప్ప, ఆటోలోంచి దించింది దించినట్టే ఉంది.

నన్ను ముందు చూసింది ఉల్లిగడ్డల అన్న. మిగిలిన గడ్డలు సంచిలోకి తోస్తున్నవాడు చెయ్యి ఆపి, "ఏందక్కా, నీకేమన్న న్యాయమా?" అన్నాడు. "ఇయ్యాల రానని జర కబురన్న పంపొద్దా? ముసల్ది ఒక్క కట్ట అమ్మలే."

"నేను రాకపోతే ఆమె అమ్మకపోవడమేంది అన్నా?" అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "నీకు ఎరుక లేదా? బోణి కాలే కదా. ఎవ్వలొచ్చినా బోణి కాలే, జర ఆగుర్రి అంటది. గా చాట దినం నువ్వు మర్లిపోయినవని ఇన్నప్పటి సంది గంతే. పొద్దుగాల బేరం ఇడిసిపెట్టి, నువ్వొచ్చే యాళ్ళకే పగటీలి ఆటోకు వస్తది. నువ్వొచ్చి పోయినంకనే అమ్ముతది. గీ ముసల్దాని నెత్తి ఖరాబైందని మేమంత అంటనే ఉన్నం."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. కట్టలు పేర్చినవి పేర్చినట్టు ఎందుకుండేవో అప్పుడు తెలిసింది. అన్ని నెలలూ అందరి కంటే చివర వస్తున్నాననుకున్నాను. అన్ని నెలలూ ఆమెకు మొదటి బేరం నాదే. ప్రతి మధ్యాహ్నం నేనిచ్చిన నోటు ఆమె కళ్ళకద్దుకుంటుంటే, పెద్దవాళ్ళకి డబ్బంటే భక్తి అనుకున్నాను. పొద్దుటి గిరాకీ అంతా వదులుకుని, మండుటెండలో ఆమె నా కోసం కూర్చుంటే, గొడుగేసుకుని వచ్చిన నేను ఆమెను ఉద్ధరిస్తున్నాననుకున్నాను.

నాకు ముందు కోపమే వచ్చింది. నా తత్వం అది, ఏం చేయను?

"ఏంది అవ్వా గీ పని?" అన్నాను. "నువ్వు నాకు చెప్పొద్దా? గీ కూరంతా వాడిపోయె. ఇంకా నా చేతి బోణీ ఏంది నీకు? నా మెడ చూస్తలేవా?"

అవ్వ నా మెడ వైపు చూడలేదు. గోనెపట్టా తీసి పక్కన పడేసింది. "నా మెడల ఏమున్నది?" అంది.



"నా పెనిమిటి పోయినప్పుడు నా పెద్దోడు పాకుతుండె. గప్పటి సంది గీ చేతుల్తోనే ఇత్తనం ఏస్తున్న, గీ చేతుల్తోనే కట్ట కడుతున్న. గీ చేతులు పెట్టిన కూర మీరంత తింటలేరా? పెండ్లిళ్ళకు కొంటపోతలేరా? అమ్మెటి చేతికి లేంది కొనెటి చేతికి ఏడికెల్లొచ్చె?" అంది. తర్వాత విసుగ్గా, "అవన్ని నాకెందుకు. నీ చెయ్యి నాకు అచ్చొచ్చింది. నీ మొగని చెయ్యి కాదు కదా, నీ చెయ్యి. తే, నోటియ్యి. ఆటో పోతది" అంది.

అవ్వకు భర్త లేడని నాకు మొదటి నుంచీ తెలుసు. బోడి మెడతో కూర్చునే మనిషిని ఎన్ని ఆదివారాలు ఎదురుగా చూశాను! ఒక్కనాడు కూడా ఆమె చేతి కూర తీసుకోవచ్చా అన్న సందేహం మాకెవరికీ రాలేదు. నా చెయ్యి అనేసరికి మాత్రం, ఆ పిల్ల చాట పక్కన పెట్టగానే, నేనూ నమ్మేశాను.

పర్సు తీశాను. అన్నప్రాసనకు వెళ్తూ పెద్ద నోట్లే పెట్టుకున్నాను, చిల్లర లేదు. స్కానర్ వైపు చూస్తే అవ్వ తల అడ్డంగా ఊపింది. ఉల్లిగడ్డల అన్న నా పెద్ద నోటు తీసుకుని, గొణుక్కుంటూ చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. అందులోంచి ఒక పది అవ్వ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. కాంటాకు తాకించింది. వడలిపోయిన పుంటికూర మీద ఒకసారి తిప్పింది. తర్వాత లేచి నిలబడి, పోతున్న జనం వైపు తిరిగి, "రార్రి, బోణయ్యింది. రార్రి" అని పెద్దగా కేకేసింది.

నేను ఆమె పక్కన గోనెసంచి మీద కూర్చుండిపోయాను. ఏడుస్తూనే కట్టల మీద నీళ్ళు చల్లాను. అవ్వ ధర చెబుతుంటే నేను అందించాను. వాడిన కూర కాబట్టి చవగ్గా ఇచ్చింది. కూలిపని ముగించుకుని ఇళ్ళకు పోతున్న కైకిలి ఆడవాళ్ళు, బండి ఆపి దిగిన మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. నా చేతి నుంచి తీసుకోవడానికి ఎవరూ ఆగలేదు. చాటల పిల్ల కూడా వచ్చి రెండు కట్టలు కొనుక్కుని, "రేపు పచ్చడి నూరుత" అని చెప్పి వెళ్ళింది. ఆమె మీద నాకు ఏ కోపమూ మిగల్లేదు.

అన్నీ అమ్ముడుపోలేదు. మిగిలినవి అవ్వ నా సంచిలో వేయబోతే, టీచరమ్మ పిల్లలు గుర్తొచ్చి వద్దన్నాను. ఉల్లిగడ్డల అన్నకే అంటగట్టాం. ఆటో ఎక్కుతూ అవ్వ, "వచ్చే ఐతారం పొద్దుగాల రా. ఎండల కూసునుడు నాకు శాతనైతలేదు" అంది. ఇన్ని నెలల్లో ఆమె నన్ను అడిగిన మాట అదొక్కటే.

మరుసటి ఆదివారం నేను ఆటోల కంటే ముందే వెళ్ళాను. అంగడి జాగాలో ఇంకా ఎవరూ లేరు, తుమ్మచెట్ల కింద కుక్కలు పడుకుని ఉన్నాయి. అవ్వ కూర్చునే చోట నాలుగు రాళ్ళు ఏరిపారేసి, నిలబడి ఎదురుచూశాను. కాసేపటికి నస్రుల్లాబాద్ ఆటో వచ్చి ఆగింది. మూటలు ముందు దిగాయి, తర్వాత అవ్వ దిగింది. తన మూట నా ముందు పెట్టి, ముడి విప్పమని చెయ్యి చూపించింది.